డ్యూటీ దిగాక, పొద్దు గూకకముందు

పటాన్‌చెరులోనో సంగారెడ్డిలోనో ఫొటో స్టూడియో నడిపే ఎవరినైనా అడగండి, ఒక మాట తప్పకుండా చెబుతారు. ఇంట్లో పెద్దమనిషి పోయిన మర్నాడు కొడుకో అల్లుడో వచ్చి ఆధార్ కార్డు బల్ల మీద పెడతాడు. “దీన్నే జర పెద్దగ జేసి ఫ్రేము కట్టియ్యన్నా” అంటాడు. లేదంటే ఎవరి పెళ్లిలోనో బంతిలో కూర్చుని తింటున్నప్పటి ఫొటో తెచ్చి, పక్కవాళ్లను తీసేసి మనిషిని ఒక్కదాన్నే ఉంచమంటాడు. అతని జేబులో ఉన్న సెల్‌ఫోన్‌లో వేల ఫొటోలుంటాయి. చిన్నదాని పుట్టినరోజు కేకు, కొత్త బండికి కొట్టిన కొబ్బరికాయ, యాదగిరిగుట్ట మెట్ల మీద సెల్ఫీలు అన్నీ ఉంటాయి. తల్లి తిన్నగా మనవైపు చూస్తున్న ఫొటో మాత్రం ఒక్కటీ ఉండదు.

ఆ ఒక్క ఫొటో కోసమే ఈ అధ్యాయం. కుటుంబమంతా కలిసి, ఆరుబయట, మంచి వెలుతురులో, మీ చేతుల్తో మీరే తీసుకునే ఫొటో. దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మీ దగ్గరున్న మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు. రిసార్టుకు పోయి వేలు పోయనక్కర్లేదు. అయితే ఇంట్లో అందరూ ఉండే వేళ, వెలుతురు బాగుండే వేళ, రెండూ కలిసొచ్చే అరగంట ఒకటుంటుంది. దాన్ని ముందే వెతికి పట్టుకోవాలి. నా లెక్కలో ఈ పనిలో ముప్పాతిక వంతు అదే. మిగతాది ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది.

ముందు షిఫ్టు చార్టు, తర్వాతే సూర్యుడు

రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా ముంబై హైవే పొడవునా బతుకు షిఫ్టుల లెక్కన నడుస్తుంది. 1960లలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. 1980లలో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వెలిసింది. బొల్లారం, గడ్డపోతారం, పాశమైలారం కూడా కంపెనీల ఊళ్లయ్యాయి. ఇక్కడ తండ్రి ఫస్ట్ షిఫ్టులో, తల్లి జనరల్‌లో, తమ్ముడు నైట్ డ్యూటీలో ఉండటం మామూలు సంగతి. ఒకే ఇంట్లో ఉంటూ వారం రోజులు ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోని కుటుంబాలున్నాయి.

ఫొటోగ్రఫీ నేర్పే పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతాయి. సూర్యాస్తమయానికి ముందు గంట, సూర్యోదయం తర్వాత గంట బయట ఫొటోలకు శ్రేష్ఠం అని. మాట నిజమే. కానీ సెకండ్ షిఫ్టు వాళ్లకు ఆ సాయంత్రం గంట మిషన్ దగ్గరే గడిచిపోతుంది. కాబట్టి మన ప్రాంతంలో లెక్క తలకిందులుగా వేయాలి. గోడకు తగిలించిన షిఫ్టు చార్టు ముందు, సూర్యుడు తర్వాత.

ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఫస్ట్ షిఫ్టు అయితే మీ అంత అదృష్టవంతులు లేరు. మూడింటికల్లా ఇంటికి వస్తారు. స్నానం చేసి, ఇంత తిని, ఒక కునుకు తీసి లేచేసరికి నీరెండ మొదలవుతుంది. రెండు నుంచి పది దాకా డ్యూటీ అయితే సాయంత్రం మాట మరిచిపోయి పొద్దున చూసుకోవాలి. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఎనిమిదింటి లోపు తీసేయండి. పిల్లల స్కూలు బస్సు వచ్చేలోపే పని అయిపోవాలి కాబట్టి రాత్రే బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకోండి.

నైట్ డ్యూటీ సంగతి వేరు. రాత్రి పది నుంచి ఆరు దాకా పనిచేసి వచ్చిన మనిషిని, ఎర్రబడిన కళ్లతో, “వెలుతురు బాగుంది, ఒక్క ఐదు నిమిషాలు” అని నిలబెట్టకండి. ఆ అలసట ఫొటోలో ఎప్పటికీ ఉండిపోతుంది. పడుకోనివ్వండి. నాలుగింటికి లేచి చాయ్ తాగాక ముఖం తేటపడుతుంది. మళ్లీ డ్యూటీకి బయల్దేరేలోపు చేతిలో మంచి సాయంత్రం ఉంటుంది. తొమ్మిది నుంచి ఐదున్నర జనరల్ షిఫ్టు వాళ్లకు మటుకు ఎండాకాలంలో తప్ప వారం మధ్యలో వీలు కాదు. ఆదివారమే దిక్కు.

ఇప్పుడు సూర్యుడు. మన దగ్గర నవంబరు నెలాఖరులో సాయంత్రం 5.40 కల్లా పొద్దు గూకుతుంది. జూన్ నెలాఖరులో 6.50 దాటుతుంది. పొద్దున లెక్కా అంతే. జూన్‌లో 5.40కే తెల్లారితే, జనవరిలో 6.50 దాకా సూర్యుడు కనపడడు. అంటే చలికాలంలో నాలుగున్నరకే అందరూ తయారై ఉండాలి. “చీర కట్టుకుని వస్తున్నా” అని ఆరింటికి మెట్లెక్కితే చీకటే మిగులుతుంది. మనది ఉష్ణమండలం. సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. సంధ్య వెలుగు యూరప్‌లో లాగా గంటల తరబడి ఉండదు, పొద్దు గూకాక ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది.

మధ్యాహ్నం ఎందుకు పనికిరాదో కూడా తెలుసుకోవాలి. సంగారెడ్డి 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 10 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2 ప్రాంతంలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ ఎండలో మనిషి నిలబడితే నుదురు మెరుస్తుంది, కనుబొమల కింద నీడపడి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. కళ్లు కనపడని ఫొటో ఎందుకు?

వానాకాలం గురించి చాలామందికి అపోహ ఉంది. మబ్బు పట్టింది, ఇవాళ ఫొటో వద్దు అంటారు. గ్రూప్ ఫొటోకు మబ్బు పట్టిన రోజు కంటే మంచి రోజు లేదు. ఆకాశమంతా ఒకటే వెలుతురు, ఎవరి ముఖం మీదా నీడ పడదు, ఎవరూ కళ్లు చిట్లించరు. చెరువులు నిండి ఉంటాయి, పచ్చదనం కళకళలాడుతుంది, రోడ్డు మీద దుమ్ము అణిగి ఉంటుంది. చిన్న చినుకు పడి వెలిసిన తర్వాత అరగంట చూడండి, ఈ కంపెనీల మధ్య కూడా గాలి కడిగినట్టు ఉంటుంది.

ఏడాదిలో ఒక్క రోజే కుదురుతుందంటే నేను దసరా సాయంత్రాన్ని ఎంచుకోమంటాను. ఆ రోజు మిషన్లకు పూజచేసి కంపెనీలు సెలవిస్తాయి. ఆడపిల్లలు పుట్టింటికి వచ్చి ఉంటారు. అందరి ఒంటి మీదా కొత్త బట్టలుంటాయి. జమ్మి చెట్టు దగ్గరకు బయల్దేరే ముందు, ఐదింటికి, వాకిట్లో పది నిమిషాలు అందరినీ ఆపండి. జమ్మి పంచుకుని అలాయి బలాయి అయ్యాక ఎవరి దారిన వాళ్లు వెళ్తారు, చీకటి కూడా పడుతుంది. ముందే కానివ్వాలి.

ఎక్కడ నిలబడాలి

ఇస్నాపూర్, పటాన్‌చెరు, బీరంగూడలలో ఎక్కువమంది ఉండేది మూడు నాలుగంతస్తుల అద్దె బిల్డింగుల్లో. వాళ్లందరికీ ఉన్న ఒకే ఆరుబయట ఆ డాబా. దాన్ని చిన్నచూపు చూడకండి. ఆకాశం తెరిపిగా ఉంటుంది, హారన్లు తగ్గుతాయి, దారిన పోయేవాళ్లు ఆగి చూడరు. ఇంట్లో ఆడవాళ్లు బిడియపడకుండా నిలబడేది అక్కడే. బట్టలారేసిన తీగలు విప్పేయండి. పొద్దు వాలాక నీళ్ల ట్యాంకు వెనక, మెట్ల గది వెనక నీడపట్టు ఏర్పడుతుంది. ఆ నీడలో, నీడ అంచుకు దగ్గరగా, తెరిపి ఉన్న ఆకాశం వైపు ముఖాలు పెట్టి నిలబెట్టండి. ఎండ ముఖం మీద పడదు, ఆకాశపు వెలుతురు మాత్రం కళ్లలోకి వస్తుంది. కంటి పాపలో చిన్న తెల్లటి మెరుపు కనిపిస్తోందా అని దగ్గరకెళ్లి చూడండి. ఉంటే మీరు సరైన చోట ఉన్నట్టే.

ఇదే సూత్రం కింద కూడా పనిచేస్తుంది. సాయంత్రం పూట పెద్ద షెడ్డుకో, బడి బిల్డింగుకో తూర్పు పక్కన పొడవాటి నీడ పడుతుంది. పొద్దున పూట పడమటి పక్కన పడుతుంది. గోడ సున్నం వేసినదైతే మరీ మంచిది. చెట్టు కింద అనగానే వేపచెట్టు వైపు నడుస్తారు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు ముఖాల మీద తెల్లటి మచ్చలవుతాయి, ఏ కంప్యూటరూ వాటిని సరిచేయలేదు. చింతో మర్రో అయి, నేల మీద ఒక్క ఎండ చుక్క లేకుండా నీడ పరుచుకుని ఉంటేనే చెట్టు కిందికి వెళ్లండి. వెళ్లినా మొదట్లో నిలబడకండి. నీడ అంచుకు రండి.

కాస్త బయటకు పోదామంటే సంగారెడ్డిలో మహబూబ్‌సాగర్ కట్ట ఉంది. అమీన్‌పూర్ పెద్ద చెరువు ఉంది. ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో పక్షులు వస్తాయి. చెరువు వెనకాల పెట్టుకుని తీసేటప్పుడు నీళ్ల మీద మెరుపు ఎక్కువై ముఖాలు నల్లబడతాయి. ఫోన్ తెర మీద ముఖం దగ్గర వేలితో నొక్కి పట్టుకుంటే వెలుతురు లెక్క ముఖానికి కుదురుకుంటుంది. మంజీర వైపు వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. సింగూరు డ్యాముకూ మంజీర బ్యారేజీకీ మధ్య ఉన్నది 1978లో ఏర్పడిన అభయారణ్యం, అందులో ఉన్నవి మొసళ్లు. పిల్లల్ని నీళ్ల అంచున కూర్చోబెట్టే పోజు అక్కడ వద్దే వద్దు.

మరికొన్ని చోట్లు కూడా వద్దు. లింగంపల్లి నుంచి శంకర్‌పల్లి వైపు పోయే రైలు పట్టాల మీద ఫొటోలు దిగుతున్న కుర్రాళ్లను చూస్తే భయమేస్తుంది. పట్టాల మీదకు అనుమతి లేకుండా వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అది అటుంచితే, లైను మలుపులో వచ్చే బండి చప్పుడు దగ్గరయ్యేదాకా వినపడదు. హైవే మీద, ఔటర్ రింగు రోడ్డు మీద కారు ఆపి దిగడమూ అంతే. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పరిసరాల్లో కెమెరా బయటకు తీయనే కూడదు. మీ కంపెనీ గేటు ముందు దిగాలనిపిస్తే సెక్యూరిటీ ఆఫీసులో ఒక మాట అడిగి దిగండి.

వెనకాల పొగగొట్టం వస్తోందని చాలామంది విసుక్కుంటారు. రానివ్వండి అంటాను. ఆ గొట్టం కిందే పనిచేసి మీ అన్నం సంపాదించారు. ఆ పొగను పీల్చారు కూడా. నక్కవాగు చుట్టుపక్కల ఊళ్ల నీళ్లు, పొలాలు ఏమయ్యాయో మీ ఇంటి పెద్దవాళ్లకు తెలుసు. ముప్పై ఏళ్ల తర్వాత మీ మనవరాలు ఆ ఫొటో చూసి “ఇక్కడ ఉండేవాళ్లా మీరు?” అని అడగాలి. స్విట్జర్లాండ్ కొండల పరదా ముందు దిగితే ఆ ప్రశ్నే పుట్టదు. గొట్టం మాత్రం ఎవరి తల వెనకా పడకుండా, ఇద్దరి మధ్య ఖాళీలోకి వచ్చేలా ఒక అడుగు పక్కకు జరగండి.

కెమెరా ఏ ఎత్తున ఉండాలి

మన జిల్లాలోనే, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. 1983లో మొదలైంది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి.సతీష్ దాన్ని స్థాపించినవారిలో ముఖ్యులు. ఆ సంస్థ మహిళా సంఘాల్లోని దళిత రైతు స్త్రీలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. తమ పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. కెమెరా కోణాలకు ఇంగ్లిషు పేర్లు వాళ్లకు పట్టలేదు. తమ బతుకులోంచి పేర్లు తీసుకున్నారు. మనిషికీ మనిషికీ ఎక్కువ తక్కువలు చూపించే కోణం వాళ్లకు ‘పటేల్ షాట్’. ఎదుటి మనిషి కళ్లకు సరిసమానంగా కెమెరా పట్టి తీస్తే అది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి.

కెమెరా ఎత్తు గురించి ఇంతకంటే తేటగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. మీ ఇంటి ఫొటోకు కూడా సంఘం షాటే కావాలి. పెద్దవాళ్లు నులక మంచం మీద కూర్చుని ఉంటే, వెనక ఉన్నవాళ్లు నిలబడి ఉంటే, ఫోన్ ఎత్తు కూర్చున్నవాళ్ల తలకూ నిలబడ్డవాళ్ల ఛాతీకీ మధ్యకు రావాలి. అంటే తీసేవాళ్లు మోకాళ్లు వంచాలి. చంటిపిల్లను ఒక్కదాన్నే తీసేటప్పుడు నేల మీద కూర్చోవాలి. నిలబడి, కిందికి చూస్తూ తీస్తే పిల్ల తల పెద్దదై, కాళ్లు చిన్నవైపోతాయి.

వరుస పేర్చడంలో ఇంటి మర్యాదలన్నీ బయటపడతాయి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. భర్త పోయిన నాయినమ్మ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. “నేనెందుకు బిడ్డా, మీరు దిగుండ్రి” అని తలుపు దగ్గర నిలబడిపోతుంది. శుభకార్యాల్లో ఆమెకు అలవాటు చేసిన చోటు అది. చేయి పట్టుకుని తీసుకొచ్చి నడిమధ్యన కూర్చోబెట్టండి. తర్వాతే మిగతావాళ్లను పేర్చడం మొదలుపెట్టండి. ఆమె చుట్టూ పేరిస్తే వరుస దానంతటదే కుదురుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఇంకో మాట. రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం దగ్గర ఫొటోగ్రాఫర్‌గా పనిచేశారు. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ల కెమెరా ముందుకు రారని గ్రహించి, 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. తీసేది కూడా ఒక స్త్రీయే. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ మెలకువ మనకూ అవసరమే. కొత్త కోడలు బిగుసుకుపోతోందంటే ఫోన్ ఆమె ఆడబిడ్డ చేతికివ్వండి. పక్కింటి ముస్లిం కుటుంబానికి మీరు తీసిపెడుతున్నట్టయితే, ఎవరు దిగుతారు, ఎవరు దిగరు అన్నది వాళ్లు చెప్పేదాకా ఆగండి. తీసిన ఫొటో ఎవరికీ పంపనని ముందే మాటివ్వండి.

తలలన్నీ ఒకే గీత మీద ఉండకుండా కొందరు కూర్చుని, కొందరు నిలబడి, పిల్లలు ముందు చాప మీద ఉంటే బాగుంటుంది. నిలబడ్డవాళ్లు కాస్త పక్కకు తిరిగి, ముఖం మాత్రం ఎదురుగా పెట్టాలి. చేతులకు ఏదో ఒక పని చెప్పండి. భుజం మీద చెయ్యి, ఒళ్లో పిల్ల, ఏదైనా సరే. ఖాళీ చేతులు బిగుసుకుపోతాయి. లావుగా ఉన్నవాళ్లను, పెద్దవాళ్లను అంచున పెట్టకండి. ఫోన్ లెన్సు అంచుల్లో ఉన్నదాన్ని సాగదీస్తుంది.

ఫోన్‌లో చేయాల్సినవి

0.5 అన్న వెడల్పు లెన్సు గ్రూప్ ఫొటోకు ఎప్పుడూ వాడొద్దు. ఒక్కసారి ఆ సాగదీత చూస్తే మీకే అర్థమవుతుంది. చోటుంటే 2ఎక్స్ పెట్టి పన్నెండు పదిహేను అడుగులు వెనక్కి వెళ్లండి. ముఖాలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. డాబా చిన్నదైతే 1ఎక్స్ సరే. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. అది లెక్కగట్టి వెనకవాటిని మసకబారుస్తుంది, వెనక వరుసలో ఉన్న బావనూ మసకబారుస్తుంది, మల్లెపూల అంచులు కోసేస్తుంది. కెమెరా ఉన్నవాళ్లు రెండు వరుసలకు ఎఫ్/8 పెట్టి, షట్టరు 1/200కు తగ్గకుండా చూసుకుని, ముందు వరుసలోని మనిషి కంటి మీద ఫోకస్ చేయండి.

పెద్దవాళ్ల కళ్లద్దాలు చూసుకోండి. ఎండకు నల్లబడే రకం అద్దాలైతే బయటకు రాగానే కళ్లు కనపడవు. అందరినీ పేర్చేదాకా వాటిని లోపలే ఉంచి, చివరి నిమిషంలో తెచ్చివ్వండి. మామూలు అద్దాల మీద ఆకాశం మెరిస్తే గడ్డం ఒక్క పిసరు కిందికి దించమనండి.

కళ్లు మూసుకున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. దీని మీద ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ సంస్థకు చెందిన ఇద్దరు లెక్కలు వేసి, 2006లో గణితానికి ఇగ్ నోబెల్ బహుమతి కూడా అందుకున్నారు. వాళ్ల సూత్రం తేలిక. ఇరవై మందిలోపు ఉంటే, వెలుతురు బాగున్నప్పుడు ఉన్నవాళ్ల సంఖ్యను మూడుతో భాగించండి, వెలుతురు తక్కువైతే రెండుతో. అన్ని ఫొటోలు తీస్తే అందరి కళ్లూ తెరుచుకున్నది ఒకటి దొరుకుతుంది. పన్నెండు మందికి నాలుగు, మసక వెలుతురులో ఆరు. చిన్నపిల్లలుంటే దానికి రెట్టింపు తీయమంటాను, వాళ్లు ఏ సూత్రానికీ లొంగరు.

తీసే మనిషి ఫొటోలో ఉండరన్నది ప్రతి ఇంట్లో ఉన్న లోటు. ఇటుకల మీద ఫోన్ నిలబెట్టి పది సెకన్ల టైమరు పెట్టండి. లేదా కింది పోర్షన్‌లో ఉండే ఒడియా కుర్రాణ్ని పిలవండి. అతనికి కూడా ఒకటి తీసి వాళ్ల ఊరికి పంపించండి. ఈ కంపెనీల్లో పనిచేస్తున్న ఒడిశా, బిహార్, జార్ఖండ్ పిల్లల తల్లులు అక్కడ అలాంటి ఫొటో కోసమే ఎదురుచూస్తుంటారు.

నవ్వమనకండి

“నవ్వండి” అనగానే మన పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. తప్పు వాళ్లది కాదు. ఫొటో అంటే ఊపిరి బిగబట్టి తిన్నగా చూడటం అని వాళ్లకు చిన్నప్పుడే నేర్పారు. ఇస్నాపూర్‌లో ఒక డాబా మీద చూశాను. నారాయణఖేడ్ దగ్గరి పల్లె నుంచి కొడుకింటికి వచ్చిన ముసలావిడను మంచం మీద కూర్చోబెట్టారు. మనవరాలు “నాయినమ్మా, జర నవ్వు” అంటుంటే ఆవిడ కొంగు ఇంకా బిగించుకుని, పెదాలు ముడిచి, కెమెరాను కోర్టులో జడ్జిని చూసినట్టు చూస్తోంది. వెనక నిలబడ్డ కొడుకు వంగి నెమ్మదిగా అడిగాడు.

“అవ్వా, బర్రె ఈనిందానే?”

ఆవిడ ముఖం గిర్రున అతని వైపు తిరిగింది. “ఈనక? మొన్న బేస్తారం నాడే ఈనింది. దుడ్డె పుట్టింది. నువ్వు ఫోన్ జేస్తివా, అడిగితివా?” అని కసిరింది. కసురుతూనే కళ్లు మెరిశాయి, నోట్లో మిగిలిన పళ్లు కనిపించాయి. కొడుకు తల దించుకుని నవ్వుతున్నాడు, కోడలు చెయ్యి ఆవిడ భుజం మీద ఉంది. పిల్ల సరిగ్గా అప్పుడు నొక్కింది. ఆ ఇంటి గోడ మీద ఇప్పుడున్నది ఆ ఫొటోనే.

కాబట్టి ప్రతి మనిషినీ ఏం అడగాలో ముందే ఆలోచించి పెట్టుకోండి. తాతను పంట గురించి అడగండి, అత్తను పచ్చడి గురించి, బావను మొన్నటి క్రికెట్ మ్యాచ్ గురించి. అడిగిన వెంటనే కాకుండా, జవాబు సగంలో ఉండగా నొక్కండి. తిన్నగా చూస్తూ కూర్చున్న ఫొటో కూడా ఒకటి తీయండి. నవ్వని ముఖానికీ తనదైన గౌరవం ఉంది, కొందరు తాతలు అలాగే అందంగా ఉంటారు.

బట్టల విషయంలో అందరూ ఒకే రంగు చొక్కాలు కొనే అలవాటు నాకు నచ్చదు. ఎవరికి నప్పినవి వాళ్లు కట్టుకోవాలి. పెద్ద అక్షరాల టీషర్టులు మాత్రం వద్దు, చూపంతా అటే పోతుంది. పట్టుబట్టల ఫొటో అయ్యాక కంపెనీ యూనిఫాంలో కూడా ఒకటి దిగండి. ఖాకీనో నీలమో, రోజూ మిమ్మల్ని నిలబెట్టిన బట్ట అది.

ఫోన్‌లో బ్యూటీ ఫిల్టరు పేరుతో ఒకటుంటుంది. కొన్ని ఫోన్లలో అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. ముడతలు చెరిపేస్తుంది, చామనఛాయను తెల్లబరుస్తుంది. దాన్ని వెతికి ఆపేయండి. మీ అమ్మ ముఖం మీది గీతలు నలభై ఏళ్ల ఎండవీ కట్టెల పొయ్యివీ. వాటిని తుడిచేశాక మిగిలేది మీ అమ్మ కాదు. నల్లటి ముఖం పక్కన తెల్ల పంచె ఉన్నప్పుడు ఫోన్ తికమకపడుతుంది. ముఖం మీద నొక్కి వెలుతురు సరిచేయండి. ఇంకా చాలకపోతే తెల్ల దుప్పటి ఒకటి ముందు నేల మీద పరవండి, అది వెలుతురును పైకి కొట్టి కళ్ల కింది నీడను తీసేస్తుంది.

కాగితం మీదకు రావాలి

ఫోన్ పోతే ఫొటో పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సగం నాణ్యత దారిలోనే పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. స్టూడియోకు వెళ్లి ప్రింటు వేయించండి. 8×12 అంగుళాల ప్రింటుకు 2400×3600 పిక్సెళ్లుంటే చాలు. ఈ రోజుల్లో ఏ ఫోనైనా అంతకంటే ఎక్కువే ఇస్తుంది. వెనకవైపు మెత్తటి పెన్సిలుతో అందరి పేర్లు, వరస, ఊరు, నెల, సంవత్సరం రాయండి. తడి పట్టే గోడకూ, ఎండ పడే కిటికీ ఎదురుగానూ తగిలించకండి. రెండో కాపీ ఊళ్లో ఉన్నవాళ్లకు పంపండి.

ఖర్చు కొద్ది వందల రూపాయలు దాటదు. ఈ వారం షిఫ్టు చార్టు తీసి చూడండి, అందరూ ఉండే పూట ఏదో గుర్తు పెట్టండి. ఊళ్లో ఉన్న అవ్వను బస్సెక్కించమని ఇవాళే ఫోన్ చేయండి.